తెర మీద తిరిగే చక్రం: ఇంటి ఇంటర్నెట్‌పై పాఠకుల ప్రశ్నలు

ఈసారి ఉత్తరాలన్నీ విశాఖ, ఆ చుట్టుపక్కల నుంచి వచ్చినవే. కొండలు, ఉప్పుగాలి, ఒకదాన్నొకటి ఆనుకున్న అపార్ట్‌మెంట్లు, స్తంభాల మీద వేలాడే వైర్లు. ఇంటర్నెట్‌ని ఇబ్బంది పెట్టేవన్నీ ఆ ఊళ్లో ఒక్కచోటే దొరుకుతాయి.

ప్రశ్న: మాది 200 ఎంబీపీఎస్ ప్లాన్. ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెడితే 180 పైనే చూపిస్తుంది. రాత్రి తొమ్మిదింటికి బెడ్‌రూమ్ టీవీలో సినిమా పెడితే మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. కేబులతను 300 ప్లాన్‌కి మారమంటున్నాడు. మారితే బాగుపడుతుందా?
– ఎంవీపీ కాలనీ పాఠకురాలు

జవాబు: మారకండమ్మా. ఇప్పుడొస్తున్న 200లో పదోవంతు కూడా మీ టీవీ దాకా చేరడం లేదు. 300 తీసుకుంటే ఆ చేరనిదానికి ఇంకో వంద కలుస్తుంది, అంతే.

అసలు టీవీకి ఎంత కావాలి? నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం 720పి బొమ్మకి 3 ఎంబీపీఎస్, 1080పికి 5, 4కేకి 15 చాలు. యూట్యూబ్ 4కేకి 20 అడుగుతుంది. రెండు టీవీల్లో ఒకేసారి 4కే నడిచినా 40 దాటదు. (పనిలో పనిగా ఒక మాట: ప్లాన్‌లో చెప్పేది మెగాబిట్లు, డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు కనిపించేది మెగాబైట్లు. 8 బిట్లు ఒక బైటు. 200 ప్లాన్‌లో డౌన్‌లోడ్ సెకనుకి 25 ఎంబీ చూపిస్తే మోసమేమీ జరగలేదు.)

మరి 180 వచ్చింది కదా అంటారేమో. ఆ టెస్ట్ ఎక్కడ నిలబడి పెట్టారన్నదే ముఖ్యం. హాల్లో రౌటర్ పక్కన వచ్చిన అంకె బెడ్‌రూమ్ టీవీకి వర్తించదు. ఫోన్ తీసుకెళ్లి టీవీ పక్కన, టీవీ ఏ వైఫై పేరుకి తగులుకుని ఉందో అదే పేరు మీద, రాత్రి తొమ్మిదింటికే టెస్ట్ పెట్టండి. అక్కడ 6, 8 చూపిస్తే దొంగ ఇంట్లోనే ఉన్నాడు.

రౌటర్ రెండు బ్యాండ్లలో పనిచేస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం పోతుంది, కానీ ఇరుకు. ఒకదానికొకటి అడ్డురాని చానెళ్లు అందులో మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో పైన, కింద, పక్కన ఉన్న రౌటర్లన్నీ ఆ మూడింటి కోసమే కొట్టుకుంటాయి. పగలు అందరూ ఆఫీసులకి పోతే ఖాళీగా ఉండి, రాత్రి టీవీలు వెలిగేసరికి జగదాంబ సెంటర్ అయిపోతుంది. 5 గిగాహెర్ట్జ్‌లో చానెళ్లు ఎక్కువ, వేగం ఎక్కువ, కానీ గోడలంటే భయం. తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఒకటి దాటుతుంది, రెండోదాని దగ్గర నీరసిస్తుంది. కాంక్రీటు స్తంభం, ఇనప బీరువా, నిలువుటద్దం, చేపల తొట్టె ఏవి అడ్డొచ్చినా ఇంకా పడిపోతుంది. వైఫై పేరు చివర 5జీ అని కనిపించేది ఈ బ్యాండే, సెల్‌ఫోన్ 5జీ కాదు.

చేయాల్సినవి వరసగా చెబుతాను. రౌటర్ సెట్టింగ్స్‌లో రెండు బ్యాండ్లకీ వేర్వేరు పేర్లు పెట్టి, టీవీని 5 గిగాహెర్ట్జ్‌కి కలపండి. అందకపోతే రౌటర్‌ని కదపండి. బీరువా మీద, చెప్పుల అలమరలో, టీవీ వెనకాల కాకుండా బెడ్‌రూమ్ గుమ్మానికి ఎదురుగా, నాలుగైదు అడుగుల ఎత్తులో ఉంచండి. రెండడుగులు జరిపినా తేడా తెలుస్తుంది. టీవీ వెనక స్టిక్ పెట్టుకున్నవాళ్లు దాంతో వచ్చిన చిన్న హెచ్‌డీఎంఐ తోకని పారేయకుండా వాడాలి. స్టిక్‌ని టీవీ వెనకున్న లోహపు రేకుకి దూరంగా జరపడానికే అది ఇస్తారు. తప్పనిసరిగా 2.4 మీదే ఉండాలంటే చానెల్‌ని ఆటో నుంచి తీసి 1, 6, 11లలో ఖాళీగా ఉన్నదానికి కట్టేయండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. 40 పెడితే మీ వేగం పెరగదు సరికదా, పక్కవాళ్లతో తగవు పెరుగుతుంది.

వీటన్నిటికన్నా మేలైనది ల్యాన్ కేబుల్. క్యాట్ 5ఈ గానీ క్యాట్ 6 గానీ, రాగి తీగది. అల్యూమినియం మీద రాగి పూత పూసిన చవకరకాన్ని సీసీఏ అంటారు, అది వద్దు. 100 మీటర్ల దాకా వేగం తగ్గదు. కరెంటు తీగలు పోయే పైపులోంచే దీన్ని లాగకూడదు. కేబుల్ పెట్టాక టీవీలో 94 దగ్గర ఆగిపోతే కంగారు పడకండి. చాలా టీవీల ల్యాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే, 4కేకి అది పుష్కలం. ల్యాప్‌టాప్‌లో కూడా 94 దగ్గరే ఆగితే మాత్రం కేబుల్‌లో ఒక జత తెగినట్టు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, 100కి రెండు చాలు. అందుకే పూర్తిగా ఆగిపోకుండా సగం చచ్చి నడుస్తుంది.

ఎక్స్‌టెండర్ కొనే ముందు ఆలోచించండి. ఒకే రేడియోతో విని, దాంతోనే మళ్లీ చెప్పే రకాలు వేగాన్ని సగం చేస్తాయి. సిగ్నల్ చచ్చిన బెడ్‌రూమ్‌లో పెడితే ఆ చచ్చిన సిగ్నల్‌నే చాటింపు వేస్తాయి. పెట్టాలంటే దారి మధ్యలో, ఇంకా సిగ్నల్ బలంగా ఉన్నచోట పెట్టాలి.

కేబులతన్ని నిందించాల్సిన సందర్భం ఒకటుంది. ల్యాప్‌టాప్‌ని రౌటర్‌కి కేబుల్‌తో కలిపి, పొద్దున ఏడింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి కొలవండి. పొద్దున 190, రాత్రి 20 వస్తే లోపం వాళ్లది. మామూలు స్పీడ్ టెస్ట్‌తో పాటు ఫాస్ట్ డాట్ కామ్ కూడా పెట్టండి, అది నెట్‌ఫ్లిక్స్ సొంత సర్వర్ల నుంచి కొలుస్తుంది. మామూలు టెస్ట్ 190 చూపించి ఇది 12 చూపిస్తే, మీ ఇంటి తీగ బాగానే ఉంది, అవతల ఆ సర్వీసు వైపు దారి కిక్కిరిసింది. రెండు అంకెలకీ టైమ్‌తో స్క్రీన్‌షాట్లు తీసి ఫిర్యాదుకి జతచేసి, డాకెట్ నంబరు రాసుకోండి.

ప్రశ్న: మాకు స్టేడియం దగ్గరే. మ్యాచ్ రోజు ఇంట్లో యాప్‌లో చూస్తుంటే, బౌలర్ ఇంకా పరుగు మొదలెట్టకముందే బయట జనం కేక వినిపిస్తుంది. సిక్సో, వికెట్టో ముందే తెలిసిపోతోంది. స్పీడ్ పెంచుకుంటే సరిపోతుందా?
– పీఎం పాలెం పాఠకుడు

జవాబు: సరిపోదు. వెయ్యి ఎంబీపీఎస్ తెచ్చినా కేకే గెలుస్తుంది. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. స్టేడియం మీకు కిలోమీటరు దూరమైతే కేక 3 సెకన్లలో మీ కిటికీలోకి వస్తుంది.

వీడియోకి అంత సులువైన దారి లేదు. కెమెరా బొమ్మని కుదించి, నాలుగైదు నాణ్యతల్లో తయారుచేసి, ఒక్కోదాన్నీ కొన్ని సెకన్ల ముక్కలుగా కోస్తారు. ముక్క పూర్తిగా తయారైతే గానీ బయటికి పోదు. ఎక్కువగా వాడే హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతిలో ముక్క 6 సెకన్లు ఉండాలని దాన్ని తయారుచేసిన ఆపిల్ సంస్థ సలహా. మామూలుగా ప్లేయర్ మూడు ముక్కల వెనక నుంచి మొదలెడుతుంది. అక్కడే 18 సెకన్లు. కుదింపుకి, సర్వర్లు పంచుకోవడానికి పట్టే సమయం కలిపితే అరనిమిషం పోవడం వింతేమీ కాదు. ఇదంతా మీ ఇంటికి చేరకముందే జరిగిపోయిన ఆలస్యం. మీ స్పీడ్ దాన్ని తగ్గించలేదు.

డిష్ కనెక్షన్ ఉంటే దాంట్లో చూడండి. 36 వేల కిలోమీటర్లు పైకెళ్లి, అన్నే కిందికి రావడానికి సిగ్నల్‌కి పావు సెకను చాలు. కుదింపు ఆలస్యం కలిపినా చాలావరకు యాప్ కన్నా ముందుంటుంది. యాప్‌లోనే చూడాలంటే ఒకటి గుర్తుంచుకోండి: చక్రం తిరిగిన ప్రతిసారీ మీరు ఇంకొంచెం వెనకబడతారు, ప్లేయర్ దానంతటది అందుకోకపోవచ్చు. మధ్యలో ‘లైవ్’ బటన్ నొక్కండి, లేదా యాప్ మూసి తెరవండి. లేదంటే కిటికీ మూయండి.

ప్రశ్న: 4కే టీవీ కొన్నాం, నెట్ స్పీడ్ కూడా ఉంది. అయినా బొమ్మ మసక మసకగానే ఉంటోంది. టీవీ మార్చమని షాపుకి వెళ్తే వాళ్లు నెట్ బాలేదంటారు, నెట్ వాళ్లు టీవీ బాలేదంటారు.
– గాజువాక పాఠకుడు

జవాబు: ఇద్దరినీ పక్కనబెట్టి మీరే తేల్చుకోవచ్చు, పది నిమిషాల పని. టీవీలో యూట్యూబ్ తెరిచి, 4కే అని ఉన్న ప్రకృతి వీడియో ఏదైనా పెట్టి, సెట్టింగ్స్ చక్రం గుర్తులో ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ నొక్కండి. తెర మీద ఒక పట్టిక వస్తుంది. అందులో రిజల్యూషన్ 3840x2160 అని ఉంటే టీవీకి 4కే వస్తున్నట్టే. ‘బఫర్ హెల్త్’ అంటే ముందుగా తెచ్చి దాచుకున్న వీడియో ఎన్ని సెకన్లో. అది పడిపోతూ సున్నాకి వస్తుంటే నెట్ లోపం. అది నిండుగా ఉండి, ‘డ్రాప్డ్ ఫ్రేమ్స్’ అంకె పెరుగుతూ పోతుంటే టీవీ లోపలి చిప్‌కి ఆ వీడియోని విప్పే సత్తా లేదు. ‘కనెక్షన్ స్పీడ్’ కేబీపీఎస్‌లో ఉంటుంది. 25000 అంటే 25 ఎంబీపీఎస్.

యూట్యూబ్ బాగుండి ఓటీటీ మాత్రమే మసకగా ఉంటే మీ సబ్‌స్క్రిప్షన్ చూడండి. నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్‌లో 480పి, బేసిక్‌లో 720పి, స్టాండర్డ్‌లో 1080పి. 4కే ప్రీమియంలోనే. మిగతా యాప్‌ల్లోనూ ఇలాంటి మెట్లుంటాయి. ఆఫర్‌లో ఉచితంగా వచ్చిందంటే కింది మెట్టే అయి ఉంటుంది.

చవక ఆండ్రాయిడ్ బాక్సు కలిపి చూస్తుంటే అనుమానం దాని మీదే. సినిమాల తాళంచెవి వైడ్‌వైన్ అనే ఏర్పాటులో ఉంటుంది. పరికరానికి ఎల్1 గుర్తింపు ఉంటేనే ఓటీటీలు హెచ్‌డీ ఇస్తాయి. ఎల్3 ఉంటే నెట్‌ఫ్లిక్స్ 480పి దగ్గరే ఆపేస్తుంది, స్పీడ్ ఎంతున్నా సరే. డీఆర్ఎం ఇన్ఫో అనే ఉచిత యాప్ వేస్తే మీది ఏదో చూపిస్తుంది. బాక్సుకీ టీవీకీ మధ్య పాత సౌండ్‌బార్ ఉన్నా చిక్కే. 4కే దాటాలంటే దారిలో ప్రతి పరికరానికీ హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ ఏర్పాటు ఉండాలి. ఒక్కటి లేకపోయినా 1080పికి దిగిపోతుంది. టీవీలోనూ అన్ని హెచ్‌డీఎంఐ పోర్టులూ సమానం కావు, 4కే అని రాసి ఉన్నదాంట్లో గుచ్చండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఒక నిజం మిగులుతుంది. 43 అంగుళాల టీవీ ముందు మంచి చూపున్న మనిషి ఐదున్నర అడుగులు దాటి కూర్చుంటే 1080పిలోని చుక్కలే విడివిడిగా కనిపించవు. పదడుగుల సోఫా నుంచి 4కేకీ దానికీ తేడా వెతకడం కంటికి అయ్యే పని కాదు. అలాగే పాత సినిమాని ఎవరో సాగదీసి 4కే అని పేరు పెట్టి ఎక్కిస్తే, మసక కూడా 4కేలోనే కనిపిస్తుంది.

ప్రశ్న: మా ప్లాన్‌లో నెలకి 3300 జీబీ అని రాసుంది. పిల్లలు 4కే చూస్తే అయిపోతుందా?
– సీతమ్మధార పాఠకురాలు

జవాబు: 15 ఎంబీపీఎస్ చొప్పున గంటకి 6.75 జీబీ అవుతుంది. 3300కి 488 గంటలు, అంటే రోజుకి 16 గంటలు. పిల్లలకి అంత సెలవులుండవు.

ప్రశ్న: వాన, గాలి వచ్చినప్పుడల్లా మోడెం మీద ఎర్రలైటు వెలుగుతోంది. లైన్‌మన్ వచ్చి ‘పవర్ తక్కువుంది’ అంటాడు, ఏదో చేసి వెళ్తాడు, పది రోజులకి మళ్లీ మామూలే. కరెంటు బాగానే ఉంటోంది కదా, ఏ పవర్ తక్కువ?
– పెందుర్తి పాఠకుడు

జవాబు: ఆయన చెప్పేది కరెంటు గురించి కాదు, గాజు తీగలో వచ్చే వెలుతురు గురించి. మీ వీధికి ఒకే ఫైబర్ వస్తుంది. దారిలో స్ప్లిట్టర్లు ఆ వెలుతురుని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతాయి. పంచిన కొద్దీ తగ్గుతుంది. ఎనిమిది ఇళ్లకి పంచే స్ప్లిట్టర్ ఒక్కటే సుమారు 10 డీబీ (డెసిబెల్స్) తినేస్తుంది. మిగిలింది మీ మోడెంకి చేరుతుంది. దాన్ని డీబీఎంలో కొలుస్తారు, అంకె ముందు మైనస్ ఉంటుంది, మైనస్ అంకె పెరిగితే వెలుతురు తగ్గినట్టు. ప్రతి 3 డీబీకీ వెలుతురు సగం.

ఇలా ఒకే ఫైబర్‌ని ఇళ్లకి పంచే పద్ధతిలో సాధారణంగా వాడే జీపాన్ మోడెం మైనస్ 8 నుంచి మైనస్ 27 దాకా తట్టుకుంటుంది. మైనస్ 18 నుంచి 24 మధ్య ఉంటే నిశ్చింత. మీ ఇంట్లో ఎండకాలంలో మైనస్ 26 ఉందనుకోండి, అన్నీ బాగానే నడుస్తాయి. ఇది పాత యాంటెనా టీవీ లాంటిది కాదు, కొంచెం తగ్గితే కొంచెం చుక్కలు పడటం ఉండదు. అంచు దాకా మామూలుగా నడిచి, అంచు దాటగానే పడిపోతుంది. గాలికి తీగ ఊగి ఇంకో 2 డీబీ పోతే ఎర్రలైటు. వాన వెలిసి తీగ కుదురుకుంటే మళ్లీ పచ్చలైటు. లైన్‌మన్ వచ్చేసరికి రోగి లేచి కూర్చునుంటాడు.

కాబట్టి అంకె మీరే చూసి రాసిపెట్టుకోండి. మోడెం వెనక స్టిక్కర్ మీదున్న అడ్రసుని (ఎక్కువగా 192.168.1.1) బ్రౌజర్‌లో కొట్టి, ఆప్టికల్ లేదా పాన్ ఇన్ఫర్మేషన్ అనే పేజీలో ‘ఆర్ఎక్స్ పవర్’ (మోడెంకి అందుతున్న వెలుతురు) చూడండి. ఎండగా ఉన్న రోజు ఒకసారి, వానలో ఒకసారి. రెండింటి మధ్య తేడా 1 డీబీ దాటితే బయట ఎక్కడో జాయింట్ డబ్బాలోకి నీళ్లు పోతున్నాయి, లేదా తీగ లాగుడు పడుతోంది. ‘నెట్ రావట్లేదు’ అని కాకుండా ‘ఎండలో మైనస్ 24, వానలో మైనస్ 28’ అని ఫిర్యాదు రాయించండి. వచ్చే మనిషి మారతాడు.

ఇంట్లో మీరు చూసుకోవాల్సినవీ ఉన్నాయి. ఫైబర్ వైరు మరీ ఇరుకుగా మలుపు తిరగకూడదు. తలుపు సందులో నలగకూడదు. మేకు క్లిప్పు బిగించి కొడితే అక్కడే వెలుతురు కారిపోతుంది. తలకాయ రంగు కూడా చూడండి. ఆకుపచ్చది 8 డిగ్రీల ఏటవాలుగా అరగదీసింది, నీలంది తిన్నగా ఉన్నది. పచ్చదాన్ని నీలం దాంట్లో గుచ్చితే మధ్యలో సందు మిగిలి చాలా డీబీలు పోతాయి. కంగారులో ఇది తరచూ జరుగుతుంది. ఊడదీసిన కొనకి టోపీ పెట్టకుండా వదిలేస్తే, ముఖ్యంగా లాసన్స్ బే, రుషికొండ లాంటి బీచ్ వైపు ఇళ్లలో, ఉప్పు, దుమ్ము పేరుకుంటాయి. నోటితో ఊదొద్దు, చొక్కాతో తుడవొద్దు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని గుడ్డ వాడాలి. ఆ కొనలోకి కంటితో చూడకండి. అందులోది కనబడని లేజర్ వెలుతురు.

లైట్ల భాష కూడా తెలుసుకోండి. ఎర్రటి ఎల్ఓఎస్ అంటే వెలుతురు రావడం లేదు, తీగ సంగతి. పాన్ లైటు ఆగి ఆగి వెలుగుతుంటే వెలుతురు వస్తోంది, అవతలి ఆఫీసు ఇంకా మిమ్మల్ని గుర్తుపట్టలేదు. పాన్ నిలకడగా ఉండి నెట్ లేకపోతే లాగిన్, రీచార్జి లాంటి లెక్కల గొడవ, దానికి లైన్‌మన్ అక్కర్లేదు.

వేలాడే వైర్లకి శాశ్వత వైద్యం లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖలో తీరం దాటినప్పుడు స్తంభాలతో పాటు పోయినవి ఇవే. స్తంభం నుంచి ఇంటికి వచ్చేచోట బరువు ఇనప తీగ మీద పడాలి గానీ గాజు మీద కాదు. సముద్రం దగ్గర ఆ ఇనప తీగ తుప్పు పట్టి తెగితే బరువంతా గాజుకి వస్తుంది. రెండేళ్లకోసారి మేడెక్కి చూడటం నయం.

ప్రశ్న: మా ఊరికి ఫైబర్ రాలేదు. 5జీ డబ్బా పెట్టించుకుంటే ఒకపూట బాగుంటుంది, ఒకపూట ఉండదు. వాన పడితే సిగ్నల్ తగ్గుతుందని షాపాయన అన్నాడు.
– యారాడ పాఠకుడు

జవాబు: మీకు అడ్డం వాన కాదు, కొండ. డాల్ఫిన్స్ నోస్ అవతల ఊరంతా ఉంటే ఇవతల మీరున్నారు. వానకి పోయేది డిష్ టీవీ సిగ్నల్. అది 10 గిగాహెర్ట్జ్ పైన నడుస్తుంది. 5జీ ఎక్కువగా వాడేది 3.5 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల. దానికి వాన చినుకు లెక్కలోకి రాదు గానీ, తడిసిన కొబ్బరాకు, మామిడి గుబురు లెక్కలోకి వస్తాయి.

డబ్బా ఎక్కడ బిగించాలన్నదే అసలు సంగతి. డాబా నాలుగు మూలలా నిలబడి సిగ్నల్ యాప్‌లో ఆర్ఎస్ఆర్‌పీ, అంటే సిగ్నల్ బలం, చూడండి. మైనస్ 80 దగ్గరుంటే భేష్, మైనస్ 100 దాటితే బలహీనం, మైనస్ 110కి వీడియో కష్టం. దాంతోపాటు ఎస్ఐఎన్ఆర్, అంటే గోలతో పోలిస్తే సిగ్నల్ ఎంత అన్నది, కూడా చూడాలి, ఇది మామూలుగా ప్లస్ అంకె. 20 ఉంటే శుభ్రం, 5 లోపుంటే సిగ్నల్ ఉన్నా గోల ఎక్కువ. రెండింట్లో నేనైతే ఎస్ఐఎన్ఆర్‌కే ఓటేస్తాను. రెండు టవర్లు సమానంగా వినిపించే మూల కన్నా ఒక్కటే స్పష్టంగా వినిపించే మూల మంచిది. పగలు, రాత్రి రెండేసి సార్లు కొలిచి, ఆ మూలకే గోడ బయట డబ్బా పెట్టించండి. కిందికి దిగే ల్యాన్ కేబుల్‌లోనే దానికి కరెంటూ వస్తుంది, 100 మీటర్ల లోపు ఎంత పొడుగైనా పరవాలేదు. క్లాంపులు, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి. మామూలువి ఆ గాలికి నిలవవు. పిడుగుల కాలంలో ప్లగ్ తీసేయండి.

సాయంత్రం టవర్ మీద జనం పెరిగితే వేగం ఎలాగూ తగ్గుతుంది. అప్పుడు నాణ్యతని ఆటోలో వదిలేయకుండా 720పికి కట్టేయండి. 3 ఎంబీపీఎస్‌తో ఆగకుండా నడిచే బొమ్మ, 1080పికి ఎగబాకి పడిపోయే బొమ్మ కన్నా హాయి. సినిమాలైతే తెల్లవారుజామున యాప్‌లోకి డౌన్‌లోడ్ చేసి ఉంచుకోండి.

ప్రశ్న: ఇంట్లోంచే ఆఫీసు పని. టీవీ చూసినా ఏం కాదు గానీ, వీడియో కాల్‌లో నా గొంతు అవతలివాళ్లకి ముక్కలు ముక్కలుగా పోతోందట. మా గుంటడు గేమ్ ఆడుతుంటే వాడిదీ ఇదే ఏడుపు.
– మర్రిపాలెం పాఠకురాలు

జవాబు: సినిమా ముందే కొంత తెచ్చి దాచుకోగలదు. కాల్‌కి, గేమ్‌కి ఆ వీల్లేదు. అక్కడ ఎంత వేగమన్నది కాదు, ఎంత ఆలస్యమన్నది ముఖ్యం. పైగా మీ గొంతు పోయేది అప్‌లోడ్ దారిలో.

ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి రౌటర్ అడ్రసుకి పింగ్ కొట్టండి, జవాబు ఎంతసేపటికి వస్తుందో అది చూపిస్తుంది. 1 నుంచి 5 మిల్లీసెకన్లు రావాలి. 60, 100 అంటూ గెంతుతుంటే వైఫై లోపం, మొదటి జవాబు చూడండి. అది బాగుంటే 8.8.8.8 అనే గూగుల్ సర్వర్‌కి పింగ్ పెట్టి వదిలేసి, ఫోన్‌లో పెద్ద వీడియో ఒకటి అప్‌లోడ్ చేయండి. అప్పటిదాకా 20, 30 ఉన్నది 300కి ఎగిరితే రోగం దొరికినట్టే: అప్‌లోడ్ దారి నిండి, మీ మాటలు రౌటర్‌లో క్యూ కట్టాయి.

క్యూ నింపేది ఎవరో చూడండి. ఎక్కువగా ఇద్దరే: ఫొటోల బ్యాకప్, సీసీ కెమెరాలు. 2 ఎంబీపీఎస్ చొప్పున నాలుగు కెమెరాలు క్లౌడ్‌కి పంపుతుంటే 8 పోయింది. అప్‌లోడ్ 10 ఉన్న ప్లాన్‌లో మీకు మిగిలేదేముంది? కెమెరా యాప్‌లో క్లౌడ్‌కి సబ్‌స్ట్రీమ్ (తక్కువ నాణ్యత బొమ్మ) పంపమని పెట్టి, పూర్తి నాణ్యత ఇంట్లో మెమరీ కార్డులోకి మళ్లించండి. బ్యాకప్‌ని రాత్రి పన్నెండు తర్వాతకి మార్చండి. రౌటర్‌లో క్యూఓఎస్ (ఏ పనికి ముందు దారి ఇవ్వాలో చెప్పే సెట్టింగ్) ఉంటే అప్‌లోడ్ హద్దుని అసలు వేగంలో 85, 90 శాతానికి పెట్టండి. కొంచెం వేగం వదులుకుంటే క్యూ మాయమవుతుంది.

ప్రశ్న: గూగుల్ డేటా సెంటర్ మా వైపే వస్తోంది కదా. వచ్చాక మా ఇళ్లలో యూట్యూబ్ ఇంకా వేగంగా వస్తుందా?
– ఆనందపురం పాఠకుడు

జవాబు: పేరు ఒకటే గానీ పని వేరు. 2025 అక్టోబర్ 14న గూగుల్ ప్రకటించిన, ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్ల ఆ కేంద్రం ముఖ్యంగా కృత్రిమ మేధ లెక్కల కోసం. మీరు చూసే వీడియో చాలావరకు అంత దూరం కూడా పోదు. జనం ఎక్కువగా చూసేవాటి నకళ్లని గూగుల్, నెట్‌ఫ్లిక్స్ రెండూ ఇంటర్నెట్ కంపెనీల దగ్గరే పెట్టెల్లో దాచి ఉంచుతాయి. మీ సినిమా ఆ పెట్టెలోంచి వస్తుంది.

దూరం లెక్క కూడా వేసుకోండి. గాజు తీగలో వెలుతురు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 800 కిలోమీటర్ల చెన్నై దాకా వెళ్లి రావడానికి 8 మిల్లీసెకన్లు. అది సున్నా అయినా సినిమాలో మీకు తెలియదు. ఆ ప్రణాళికలోనే సముద్రగర్భ కేబుళ్లు విశాఖ తీరానికి చేరే ఏర్పాటు కూడా ఉంది. దానివల్ల విదేశాలకి ముంబై, చెన్నైల మీదుగా పోయే దారికి తోడుగా ఇంకో దారి వస్తుంది. ఒకచోట కేబుల్ తెగితే ఆ విలువ తెలుస్తుంది. మీ బెడ్‌రూమ్ గోడని మాత్రం ఏ కేబులూ పడగొట్టదు.

ప్రశ్న: కరెంటు పోతే నెట్ పోతోంది. చిన్న యూపీఎస్ కొనమంటున్నారు. ఎంతసేపు వస్తుంది?
– అక్కయ్యపాలెం పాఠకుడు

జవాబు: మోడెం అడాప్టర్ మీద 12 వోల్ట్, 1 ఆంప్ అనో 1.5 ఆంప్ అనో ఉంటుంది. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపులు అంత గానీ ఎక్కువ గానీ ఉన్న మినీ యూపీఎస్ తీసుకోండి. పిన్ను లావు, మధ్యలో ప్లస్సా మైనస్సా అన్న గుర్తు రెండూ కలవాలి. అట్ట మీద 8000 ఎంఏహెచ్ అని ఉంటే అది లోపలి 3.7 వోల్టుల బ్యాటరీ లెక్క: సుమారు 30 వాట్ అవర్లు. మార్పిడిలో పోయేది తీసేస్తే 24. మోడెం 8 వాట్లు తింటే మూడు గంటలు. విడిగా ఇంకో రౌటర్ కూడా ఉంటే దాని వాట్లూ కలపండి, గంటన్నరకి వస్తుంది.

కొనే ముందు మీ ఇంట్లోకి వచ్చేది గాజు తీగో, ల్యాన్ కేబులో చూడండి. గాజు తీగ నేరుగా మీ మోడెంకి వస్తే దారిలో స్ప్లిట్టర్లకి కరెంటు అక్కర్లేదు, యూపీఎస్ పనికొస్తుంది. పాత అపార్ట్‌మెంట్లలో గాజు తీగ కింద ఒక పెట్టెలో ఆగిపోయి, అక్కణ్ణుంచి ప్రతి ఫ్లాట్‌కీ ల్యాన్ కేబుల్ లాగి ఉంటారు. ఆ పెట్టెలో స్విచ్ ఉంటుంది, దానికి కరెంటు కావాలి. అలాంటి చోట మీ ఇంట్లో యూపీఎస్ వెలుగుతూ కూర్చుంటుంది, నెట్ మాత్రం రాదు. మెట్ల కింద ఆ పెట్టె ఉంటే, దాని ప్లగ్గు అపార్ట్‌మెంట్ జనరేటర్ లైన్‌లో ఉందో లేదో వాచ్‌మన్‌ని అడిగి, తర్వాతే షాపుకి వెళ్లండి.